నీరు లేదు, నిప్పు లేదు

ఏప్రిల్ 19, శనివారం. ఉదయం

పెద్దకాపు హజరత్తయ్య తాత పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. నాయన కోసం కాదు, నా కోసం!

నాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. భానుప్రియ ఉండాదా అని తాత అడగ్గానే వల వదిలేసి లేచి నిలబడ్డాడు. ఏం చేసింది తాతా అన్నాడు. ఏం చెయ్యలా లేబ్బయా, నీ కూతురి రాత బాగుంటాదంట గదా, సాయంత్రం మేం ఐదుగురం మీ అరుగు మీదికే వస్తాం, ఒక కాయితం రాసిపెట్టాల, టీలో మాత్రం చక్కెర తగ్గించమను అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా పాళెంలో పెద్దలు ఐదుగురు. కాపులంటాం. వాళ్లలో పెద్ద హజరత్తయ్య తాత. ఊరి తగువులు వాళ్లే తీరుస్తారు. ఊరంతా కట్టుబడి ఉండాలని వాళ్లు వేసే ఆనకు దురాయి అని పేరు. ఇన్నేళ్లూ నోటితోనే వేశారు. పంచాయతీ మోటారు చూసుకునే నరేంద్రబాబు మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగి చెప్పేవాడు. ఈ మధ్య తప్పు చేసినవాళ్లంతా మాకు వినపడలా, ఆ పొద్దు మేం ఊళ్లో లేం అంటున్నారట. అందుకని ఈసారి కాగితం. తుఫాను షెల్టరు గోడకు అంటిస్తారు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు.

పాళెం పుట్టాక మొదటి రాత దురాయి. రాసేది నేను.

కాలేజీలో రోజారమణి మేడమ్ ఇచ్చిన షీటు ఈరోజుకు పక్కన పెడుతున్నాను. డిగ్రీ మొదటి ఏడాది వాళ్లందరికీ ఇచ్చారు. పైన "నా జీవిత లక్ష్యం" అని ఉంటుంది, కింద ఒక గీత. పరీక్షల సెలవుల్లో ఇరవై ఒక్క రోజులు డైరీ రాయండి, ఎవరికీ చూపించకండి, అబద్ధం రాయకండి, ఆ గీత మీద ఏం రాయాలో చివరికి మీకే క్లియర్ అవుతుంది అన్నారు. నేను లెక్చరర్ అని రాసి చెరిపాను. గ్రూప్ వన్ అని రాసి చెరిపాను. కాగితం అక్కడ పలచబడిపోయింది.

అదే రోజు. సాయంత్రం 7

రాశాను!

తగువు ముఖేష్ అన్న గురించి. మా పక్కింటి మాలకొండమ్మ అత్త కొడుకు. నా స్నేహితురాలు వనజాక్షికి అన్న. పదిహేనో తేదీ నుంచి రెండు నెలలు వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. పదహారున ముఖేష్ అన్న తన ఫైబర్ బోటు దించుకుని వేటకు పోయి వచ్చాడు. ఎవరో చెప్పేశారు. ఫిషరీస్ వాళ్లు జీపులో వచ్చి పాళెంలో ఉన్న బోట్లన్నిటి నంబర్లూ రాసుకుపోయారు. నిషేధ కాలానికి గవర్నమెంటు ఇచ్చే భృతి ఊరందరికీ ఆగిపోతుందని భయం. ముఖేష్ అన్న ఆ రోజే సూళ్లూరుపేట పోయి మద్రాసు రైలెక్కాడట. ఫోను ఎత్తడం లేదు.

కాపులు గంటసేపు మాట్లాడారు. ఒకాయన జరిమానా అన్నాడు. ఒకాయన బోటు లాక్కుందాం అన్నాడు. బోటు లాక్కుంటే పెట్టేదెక్కడ, నీ ఇంట్లోనా అని ఇంకొకాయన. చివరికి హజరత్తయ్య తాత తేల్చాడు. బోట్లు మళ్లా సముద్రంలో దిగే రోజుదాకా, జూన్ పదిహేనుదాకా, ఆ ఇంటితో ఎవురూ మాట్లాడకూడదు, పలకరింపు లేకపోతే వాడే దిగొస్తాడు, అంతే, రాయి మ్మే అన్నాడు.

మొదట రాసింది ఇది: ఆ ఇంటివారితో ఎవరూ మాట్లాడరాదు.

ఎంత పేలవంగా ఉందో. బస్సులో స్త్రీలకు మాత్రమే అని రాసినట్టు. మొదటి రాత దురాయికి ఇదా వాక్యం? కాపులు టీ తాగుతూ రొయ్యల రేటు సంగతిలో పడ్డారు. ఆ సందులో ఇంకో కాగితం తీసుకున్నాను.

ఆ ఇంటికి మాట లేదు, నీరు లేదు, నిప్పు లేదు.

మూడూ పక్కపక్కన నిలబడగానే నాకే ఒళ్లు జలదరించింది. పైకి చదివి వినిపించాను. ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత హజరత్తయ్య తాత, శాసనం మాదిరుండాది గదబ్బయా అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. ముగ్గురు సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్రలు. నాయన ముఖం చూడాలి అప్పుడు!

అమ్మ మాత్రం గ్లాసులు తీసుకుపోతూ నావైపు ఒక్కసారి అదోలా చూసింది. టీ ఏమన్నా తక్కువైందేమో.

ఏప్రిల్ 20, ఆదివారం

గ్రూపులో ఎనభై మూడు మంది బొటనవేలు పెట్టారు.

ముత్తుకూరు నుంచి అశోక్ అన్న ఫోన్ చేశాడు. మా అన్న అక్కడ పోర్టు దగ్గర క్యాంటీన్‌లో పని చేస్తాడు. నువ్వా మ్మే రాసింది, మా క్యాంటీన్లో అందరికీ చదివి వినిపించినా, వంటమాస్టరు సాంబారు తిప్పతా తిప్పతా అదే అంటుండాడు అన్నాడు.

షెల్టరు గోడ దగ్గరికి నాలుగుసార్లు పోయి వచ్చాను. ఊరికే. పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైకి చదువుతున్నారు. చదవడం రానివాళ్లకు కూడా నోటికి వచ్చేసింది.

వనజాక్షి కనిపించలేదు. మేమిద్దరం ఒకే బస్సులో నెల్లూరు కాలేజీకి పోతాం, ఒకే సీటు. సెలవులు కాబట్టి సరిపోయింది. జూన్‌లో మాట్లాడుకోవచ్చు.

ఏప్రిల్ 21, సోమవారం

ఇలా అవుతుందనుకోలేదు.

మా ఇంటి ముందే వీధి కుళాయి. పాళెంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే కాబట్టి, తాగే నీళ్లు ఊరి బయటి బోరు నుంచి రావాలి. పొద్దున ఆరుకి నరేంద్రబాబు వాల్వు తిప్పుతాడు. అరగంట వస్తాయి. వనజాక్షి ఎప్పటిలాగే రెండు బిందెలు లైన్లో పెట్టింది. నరేంద్రబాబు వచ్చి ఆ రెండూ తీసి గోడ పక్కన పెట్టాడు. విసిరేయలేదు, మెల్లగానే పెట్టాడు. దానితో మాట్లాడకూడదు కాబట్టి లైన్లో ఉన్న ఆడవాళ్లకు చెప్పాడు. నాకేం పగమ్మా వాళ్ల మీద, కాయితంలో నీరు లేదు అనుండాది, పెద్దోళ్లు ఊరికే రాయిస్తారా అని.

వనజాక్షి ఖాళీ బిందెలు తీసుకుని లోపలికి పోయింది.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. దురాయి ఉంది కదా, మాట్లాడకూడదు కదా అనుకున్నాను. ఆ ఇంటితో మాట్లాడకూడదు, నిజమే. నరేంద్రబాబుతో మాట్లాడొచ్చు. ఈ తేడా ఇప్పుడు రాస్తుంటే తోచింది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఒక్కరోజు ముచ్చటేమో, ఇవాళ పట్టుకోనిస్తారేమో అనుకున్నాను. ఇవాళా బిందెలు గోడ పక్కకే.

ఏప్రిల్ 24, గురువారం

గ్యాస్ ఆటో వచ్చింది. మాలకొండమ్మ అత్త వాళ్ల సిలిండరు దించబోతే కిరాణా కొట్టు పెంచలకృష్ణ అడ్డం పోయి ఆపించాడు. నిప్పు లేదని. తన కొట్లో అగ్గిపెట్టె కూడా ఇవ్వడం లేదు.

సాయంత్రం పెంచలకృష్ణ, నరేంద్రబాబు మా అరుగు దగ్గరికి వచ్చారు. వాళ్లకొక సందేహం. ఆ ఇంట్లో కరెంటు ఉంది. కరెంటు నిప్పు కిందికి వస్తుందా, రాదా? వస్తుందని పెంచలకృష్ణ. షార్టు సర్క్యూటయితే ఏమొస్తాది, మల్లెపూలా, నిప్పే గదా అన్నాడు. నరేంద్రబాబు ఒప్పుకోలేదు. అట్టయితే ఎండ గూడా నిప్పే, వాళ్లింటి మీద ఎండ పడకుండా పందిరెయ్యి పో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత నావైపు తిరిగి, రాసిన తల్లివి నువ్వుండంగ మాకెందుకు, నువ్వే చెప్పు మ్మే అన్నారు.

కరెంటు నిప్పు కాదు అన్నాను.

సరే, అట్టయితే ఉండనీ అని లేచి పోయారు. ఇద్దరు పెద్ద మగవాళ్లు. నేను ఒక్క మాట అనగానే.

తాగే నీళ్లు ఆపకండి అని కూడా అప్పుడే అనొచ్చు. వినేవాళ్లేమో. అనలేదు. ఎందుకు అనలేదో అబద్ధం లేకుండా రాయాలి. అలా అంటే, ఆ మాట కాగితంలోకి ఎట్టా వచ్చిందని అడుగుతారు. అది ఒకటి. రెండోది, వాళ్లు వచ్చి నన్ను అడగడం బాగుంది.

ఏప్రిల్ 26, శనివారం

చిన్నపిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకర్ని మధ్యలో నిలబెట్టి, చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ మాట లేదు, నీరు లేదు, నిప్పు లేదు అంటారు. లేదు అన్నప్పుడల్లా కాలు నేలకేసి కొడతారు. మధ్యలో ఉన్న పిల్ల ఏడిస్తే ఆట అయిపోయినట్టు.

కాలు సరిగ్గా పడుతోంది. పడేట్టు రాసింది నేనే కదా.

ఏప్రిల్ 28, సోమవారం

నాకు మాటల పిచ్చి కాలేజీ లైబ్రరీలో పట్టుకుందని అందరికీ చెప్తుంటాను. నిఘంటువు తీసి రోజుకొక మాట రాసుకుంటాను కాబట్టి అలా చెప్పడం బాగుంటుంది. నిజానికి అంతకు ముందే మాలకొండమ్మ అత్త దగ్గర పట్టుకుంది.

ఆమె ఎండు చేపలు అమ్ముతుంది. ఇసుకలో నెత్తళ్లు ఆరబోస్తూ మాట్లాడుతూనే ఉంటుంది. కొనకుండా ఊరికే చూసి పోయేవాళ్లను, ఈమె కళ్లతోనే అరకిలో తినేసింది మ్మే అంటుంది. మబ్బు పట్టి కురవకుండా పోతే, వానకు రాలా ఇది, చుట్టపుచూపుకొచ్చింది అంటుంది. చిన్నప్పుడు నేను ఆమె వెంట తిరిగి అవన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నా మాటలు అమ్ముకుంటావా ఏంది, కిలో ఎంతకిస్తావు అని నవ్వేది.

ఇప్పుడామె సరుగుడు తోట దగ్గర ఇసుకలో చెలమ తవ్వుతోంది. పట్టపగలు, ఈ ఎండలో. పాతకాలంలో అక్కడ తియ్యటి నీళ్లు ఊరేవట. ఇప్పుడు చుట్టూ రొయ్యల గుంటలు. ఆమె బిందె నింపుకుని వెళ్ళిపోయాక నేను పోయి దోసిట్లో పట్టి రుచి చూశాను. మింగలేకపోయాను.

ఊరి ఆటోలు వాళ్లను ఎక్కించుకోవు. వనజాక్షి రోజు విడిచి రోజు మూడు కిలోమీటర్లు నడిచి బస్సు రోడ్డు మీది కొట్లో వాటర్ క్యాన్ కొని నెత్తిన పెట్టుకుని వస్తోంది. పరీక్షలున్న పిల్ల అని ఆ క్యాను నీళ్లు దానికే ఉంచి, అత్త చెలమ నీళ్లు తాగుతోందట. అమ్మ చెప్పింది. అమ్మకు ఎవరు చెప్పారో తెలియదు.

ముఖేష్ అన్న మద్రాసులో చల్లటి నీళ్లు తాగుతుంటాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

నాయనకు చెప్పాను. కాపులు మాట ఒక్కటే అన్నారు, నీరూ నిప్పూ నేను కలిపాను అన్నాను.

నాయన చేతిలో వల ఆగింది. చదివి వినిపించినావు గదా అన్నాడు. వినిపించాను. సంతకాలు పెట్టినారు గదా. పెట్టారు. అట్టయితే అది వాళ్ల మాటే, నువ్వు పెన్నువి, పెన్నుకు నోరుంటాదా, ఇంకెవరితోనూ అనబాక అన్నాడు.

కాసేపటికి, ఎందుకు కలిపినావు మ్మే అని అడిగాడు. బాగుంటుందని అన్నాను. నాయన ముఖం చూడలేక నేనే లోపలికి వచ్చాను.

ఏప్రిల్ 30, బుధవారం

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెరటి గోడ మీద బిందె నిండా నీళ్లు పెట్టి వచ్చాను. మాకూ వాళ్లకూ ఆ గోడ ఒక్కటే అడ్డం.

సాయంత్రం చూస్తే బిందె అక్కడే ఉంది. చుక్క తగ్గలేదు. దుమ్ము పడకుండా మూత పెట్టి ఉంది. మూత మాది కాదు.

మే 2, శుక్రవారం

వనజాక్షి మాట్లాడింది. దురాయి వేశాక మొదటిసారి. పెరట్లో బట్టలు ఆరేస్తూ, నావైపు తిరగకుండా, తీగతో మాట్లాడుతున్నట్టు.

అమ్మ మీ నీళ్లు తీసుకోదు, తీసుకుంటే మీ ఇంటికి గూడా వేస్తారు, ఇంక పెట్టబాక అంది. గోడ మీది కాయితంలో నీ రాత చూడంగానే గుర్తుపట్టినాలే అంది. ఏం చేస్తావు, చెప్పింది వాళ్లు, రాసింది నువ్వు, నాకేం కోపం లేదు అంది.

నేను తలూపాను.

ఇన్ని రోజుల్లో నేను చేసినవాటిలో ఆ తల ఊపడమే అన్నిటికంటే నీచం. కాగితం మీద రాసినప్పుడు తెలియక రాశాను. తల తెలిసి ఊపాను.

మే 3, శనివారం

హజరత్తయ్య తాత దగ్గరికి పోయాను. ఇంటి ముందు పందిరి కింద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తాతా, నీరూ నిప్పూ అనే మాటలు మీరు అనలేదు కదా అని అడిగేశాను.

చాలాసేపు చేతిలో చుట్టనే చూసుకున్నాడు. నేననలా అన్నాడు. నువ్వు చదవతా ఉంటే ఇదెప్పుడన్నాం అనుకున్నా, చూస్తే మిగిలినోళ్లు కిమ్మనకుండా ఉండారు, నేను మంచినీళ్లు తాగేదానికి లేచినప్పుడు అనుకోనుంటార్లే అనుకున్నా అన్నాడు. మిగతా నలుగురూ ఇలాగే అనుకుని ఉంటారు. ఆ సాయంత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది దీనికేనన్నమాట. నేనేమో నా వాక్యానికి మాటలు రాక చూసుకున్నారనుకున్నాను.

అయితే తీసేయండి తాతా అన్నాను.

తీసేయలేరట. వేసినవాళ్లే తీస్తే రేపు ఏ దురాయికీ విలువుండదు. గడువు తీరాలి. దారి ఒక్కటే ఉంది. లేని మాట కలిపినవాళ్లే సముద్రంలో మునిగి వచ్చి, తడిబట్టలతో ఐదుగురి ముందు నిలబడి, కలిపింది నేనే అని ఒప్పుకోవాలి. అప్పుడు ఆ మాట ఆ ఇంటి మీద నుంచి లేస్తుంది. లేచి ఊరికే పోదు. కలిపినవాళ్ల ఇంటి మీద పడుతుంది, మిగిలిన గడువంతా. మా నాయన కాలంలో ఒకడు నిలబడినాడు, ఆడకూతురు ఎప్పుడూ నిలబడలా అన్నాడు తాత.

ఆ తర్వాత గొంతు మార్చాడు. నువ్వేమీ చెప్పలా, నేనేమీ వినలా, పన్నెండు నుంచి పరీక్షలంట గదా, పోయి చదువుకో తల్లీ అన్నాడు. లేచేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీరు, నిప్పు. మా ఇంటికి. మే నెలలో. నాయన బోటు నలుగురు కలిసి కొన్నది. దురాయి ఉన్న ఇంటి మనిషి చెయ్యి పడితే వలకు మంచిది కాదంటారు ఇక్కడ. నలభై రెండో నలభై మూడో రోజులు ఆ ముగ్గురూ నాయనను వల ముట్టనివ్వరు. గడువు తీరే రోజే వేటకు మొదటి రోజు. ఆ రోజుకు నాయన చోట్లో ఇంకొకరు ఎక్కి కూర్చుంటే?

ఇంత తెలిసాక ఎలా చెప్పను? చెప్పకుండా మాత్రం ఎలా ఉండను? మా ఇంట్లో ఉన్న రెండు గదుల్లో ఎక్కడ కూర్చున్నా కుళాయి కనిపిస్తోంది.

మే 4, ఆదివారం

అశోక్ అన్నకు ఫోన్‌లో చెప్పాను. ముత్తుకూరు వచ్చేయి మ్మే, నా రూములో ఉండి చదువుకో, నేను ఫ్రెండ్ రూముకు పోతా, పరీక్షలకు ఇక్కణ్ణించే నెల్లూరు పో, జూన్‌లో అన్నీ సర్దుకుంటాయి అన్నాడు.

మంచి ఐడియా. ఎవరికీ నష్టం లేదు.

మే 5, సోమవారం

బ్యాగు సర్దుకున్నాను. రేపు పదకొండు గంటల బస్సు.

మే 6, మంగళవారం

పొద్దున తొమ్మిదికి 108 వచ్చింది. మాలకొండమ్మ అత్తకు నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు తిరిగి పడిపోయింది. వనజాక్షి ఫోన్ చేసి పిలిపించుకుంది.

స్ట్రెచర్ ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యండన్నా అని డ్రైవరు వీధిలో ఉన్న మగవాళ్లను అడిగాడు. చెయ్యి వెయ్యకూడదని కాగితంలో లేదు. అయినా ఎవరూ కదల్లేదు. నాయన కూడా. నాయన తన కాళ్లవైపు చూసుకుంటూ నిలబడ్డాడు. చివరికి ఒక పక్క డ్రైవరు, ఒక పక్క వనజాక్షి. అత్త పెదాలు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. అంత మాటకారి, ఏమీ అనకుండా పోయింది.

పదకొండుకి నేను బస్సు రోడ్డు మీద బ్యాగుతో నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఆగింది. కండక్టరు ఎక్కమ్మా అన్నాడు. ఎక్కలేదు. ధైర్యం వచ్చి కాదు. ముత్తుకూరు క్యాంటీన్‌లో కూడా నా వాక్యం అందరికీ నోటికి వచ్చని గుర్తొచ్చింది.

మూడు కిలోమీటర్లు నడిచి వెనక్కి వచ్చాను. వనజాక్షి క్యాను మోసే దారి అదే.

మే 7, బుధవారం

అమ్మ గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా, ఆ పొద్దు నేను తలుపెనకే ఉండా అంది.

వాళ్లు మాట ఒకటే అన్నారు, నీరనలా, నిప్పనలా, నువ్వే చదివినావు, నేను విన్నా అంది. పద్దెనిమిది రోజులుగా తెలుసు. ఎందుకు అడగలేదమ్మా అన్నాను. నువ్వు చెప్తావేమోనని చూస్తుండా, చెప్పకుండా ఉంటే బాగుండునని గూడా చూస్తుండా అంది.

నేను చెప్తే మా ఇంటికి ఏమవుతుందో అమ్మకు తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి. అమ్మ గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. ఆ తర్వాత అమ్మ, మాలకొండమ్మకు సెలైన్ పెట్టినారంట, శుక్రవారం పంపిస్తారంట, ఆ నీళ్లు మళ్లీ తాగితే మా బాధ్యత లేదన్నారంట డాక్టర్లు అంది.

అంతే అంది. ఇది చెయ్యమని గాని, వద్దని గాని అనలేదు.

మే 8, గురువారం

ఒప్పుకునేటప్పుడు చదవాలని ఒక కాగితం రాశాను. తొమ్మిది వాక్యాలు. పశ్చాత్తాపం, అజ్ఞానం, క్షంతవ్యురాలిని. నిఘంటువులో ఉన్న మంచి మాటలన్నీ వచ్చి కూర్చున్నాయి. చదువుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద నాకే జాలి వేసింది. అప్పుడు అనుమానం వచ్చి ఒక్కో మాటా తీసి చూశాను. అందంగా ఉన్న ప్రతి మాటా నన్ను కొంచెం తప్పిస్తోంది. అజ్ఞానం అంటే నాకు తెలియదు పాపం అని. క్షంతవ్యురాలిని అంటే క్షమించక మీకు తప్పదు అని.

కొట్టేస్తూ పోతే ఒకటి మిగిలింది. నీరు, నిప్పు నేను కలిపాను, వాళ్లు అనలేదు. ఇందులో మెరుపేమీ లేదు. బస్సులో రాసినట్టే ఉంది. ఎవరూ ఆట కట్టి పాడరు.

షీటు తీశాను. గీత మీద ఏమీ రాయలేదు. జీవితమంతా ఏం చెయ్యాలో నాకు ఇంకా తెలియదు. కానీ ఈ పని చెయ్యాలని తెలిసింది. తెలిసాక తల లోపల ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మేడమ్ చెప్పలేదు. భయం పోలేదు. ఇన్నాళ్లూ నా మీద కూర్చుంది, ఇప్పుడు లేచి పక్కన కూర్చుంది.

సాయంత్రం నాయనకు చెప్పాను. అన్నం కంచం నెట్టేశాడు. బోటు సంగతి తెలుసునా నీకు అన్నాడు. తెలుసు అన్నాను. ముప్పై ఏళ్లు నా చెయ్యి పడకుండా ఆ బోటు కదల్లేదు, తెలుసునా అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. చొక్కా వేసుకుని ఒడ్డుకు పోయాడు. చీకటి పడేదాకా తిప్పి పెట్టిన బోటు పక్కన కూర్చుని ఉన్నాడని అమ్మ పోయి చూసి వచ్చింది.

మే 9, శుక్రవారం. సాయంత్రం 6

మాలకొండమ్మ అత్త నెల్లూరు ఆటోలో వచ్చింది. దిగి తనే నడిచింది.

అమ్మ పొద్దున కుళాయి దగ్గర మూడుసార్లు లైన్లో నిలబడింది. బిందెలు నిండాయి, బకెట్లు, కుక్కరు, గంజి గిన్నె కూడా. నాయన నాతో ఇంకా మాట్లాడలేదు. మధ్యాహ్నం బోటులోని ఐస్‌పెట్టె మోసుకొచ్చి సబ్బుతో కడిగాడు. సైకిలు మీద నాలుగు ట్రిప్పులు పోయి, ఎవరి పొలంలోనో బోరు నీళ్లు తెచ్చి దాన్ని నింపాడు. చేపల వాసన పోలేదు. కొట్టుకు పోయి రెండు డజన్ల అగ్గిపెట్టెలు కొన్నాడు. ఎందుకన్నా ఇన్ని అని పెంచలకృష్ణ అడిగితే దోమలబ్బయా అన్నాడట.

రేపు పొద్దున ఐదుకి లేవాలి. సముద్రం దాకా అమ్మ వస్తుంది, పెద్దకాపు పందిరి దగ్గరికి నేనొక్కదాన్నే పోవాలి. ఐదుగురూ అక్కడ ఉండేట్టు తాతకు చెప్పి వచ్చాను. పాత పచ్చ చుడీదార్ వేసుకుంటాను, తడిస్తే అంత బరువుండదు. కుళాయి ఆరుకి వస్తుంది. అంతకు పది నిమిషాల ముందే చెప్పడం అయిపోవాలి. అప్పుడైతే వాళ్ల రెండు బిందెలూ లైన్లో మొదట పెట్టొచ్చు.